పెరట్లో కోసిన కూరగాయలు, మలయ్ ఇంటి వంటలు: దేనికి ఏ పద్ధతి?

మా పెరడు పెద్దదేం కాదు. మలేషియాలోని సెరెంబాన్‌లో ఒకదానికొకటి అతికించి కట్టిన వరస ఇళ్ళలో మాదొకటి, వంటింటి వెనక తలుపు తీస్తే పది అడుగుల మట్టి, అంతే. కానీ ఇక్కడ ఏడాది పొడుగునా ఎండా వానా రెండూ ఉంటాయి కాబట్టి ఆ పది అడుగుల్లోనే బెండ, బొబ్బర, తూటికూర, వంగ, కాకర, గోడ మీదికి పాకించిన గుమ్మడి, మూలన పసుపు, నిమ్మగడ్డి అన్నీ సర్దుకున్నాయి. ఇబ్బంది ఎక్కడంటే కాసినప్పుడు అన్నీ కట్టకట్టుకుని ఒకేసారి కాస్తాయి. బెండకాయ వేపుడు, బెండకాయ పులుసు, బెండకాయ ఇగురు అయ్యాక నాలుగో రోజు మా పిల్లలు ఒకసారి కంచం వైపు, ఒకసారి నా వైపు చూస్తారు, ఏమీ అనరు, ఆ చూపు చాలు.

అలా గోడవతల మక్ చిక్ దగ్గర నేర్చుకోవడం మొదలైంది. ఇక్కడ పెద్దావిడల్ని అలాగే పిలుస్తారు. మక్ అంటే అమ్మ, చిక్ అంటే చిన్న, అచ్చంగా మన చిన్నమ్మే. ఆవిడ పుట్టిల్లు ఈ నెగెరి సెంబిలాన్ రాష్ట్రమే, వాళ్ళాయనది జొహోర్, తాతల కాలంలో జావా నుంచి వచ్చిన కుటుంబం. అందుకని ఆ ఒక్క వంటింట్లోనే రెండు రకాల కొబ్బరిపాల కూరల మధ్య ముప్పై ఏళ్ళుగా పోటీ నడుస్తోంది. మొదటి నెలలో ఒకరోజు ఆవిడ గోడ మీంచి తొంగిచూసి "సంతాన్ ఉందా" అని అడిగింది. నేను సిగ్గుపడుతూ ఇద్దరు, ఒక పాప ఒక బాబు అన్నాను. సంతాన్ అంటే కొబ్బరిపాలట. ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది.

కొత్తగా మలేషియా వచ్చిన మనవాళ్ళు, కాకినాడలో మిద్దె తోట పెంచుతున్న మా చెల్లెలు, అందరూ నన్ను అడిగేది ఒకటే. మలయ్ వంటలు చేద్దామనుకుంటున్నాం, ఏది మొదలుపెట్టాలి? వంటకం పేరు చూసి ఎంచుకుంటే దెబ్బతింటారు, ఆ దెబ్బలన్నీ నేను తిన్నాను కాబట్టి చెప్తున్నా. ముందు చేతిలో ఉన్న కూరగాయని చూడండి. దాంట్లో నీరెంత, అది లేతదా ముదురుదా. ఈ రెండూ తెలిస్తే సగం పని అయినట్టే, మిగతా సగం ఇంట్లో ఎవరు తింటారు, మీకు ఎంత టైముంది అన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇళ్ళల్లో రోజూ కనిపించే పద్ధతులు ప్రధానంగా ఐదు. కొబ్బరిపాలలో ఉడికించేది మసాక్ లెమాక్. రొయ్యల ముద్ద వేసి పెద్ద మంట మీద వేయించేది గోరెంగ్ బెలాచాన్. నూనె లేకుండా పల్చటి నీళ్ళలో ఉడికించేది మసాక్ ఆయెర్. పచ్చిగా తినేది ఉలామ్, పక్కన సంబల్ అనే మిరపకాయ పచ్చడితో. చింతపండు పులుపుతో ఎండుమిరప ఘాటుతో చేపతో కలిపి వండేది ఆసమ్ పెడాస్. లోదే, దాల్చా లాంటివి ఇంకా ఉన్నాయి, వాటి గురించి మధ్యమధ్యలో చెప్తా.

కొబ్బరిపాలా, బెలాచానా?

కొత్తవాళ్ళంతా కొబ్బరిపాల వైపే వెళ్తారు, నేనూ వెళ్ళాను. మనకి తెలిసిన రుచి, కమ్మగా ఉంటుంది, వాసన భయం లేదు. కానీ అన్నింటిలోకి కష్టమైనది ఇదే అని ఎవరూ చెప్పరు. నా మొదటి మసాక్ లెమాక్ గుమ్మడికాయతో చేశాను, మన పులుసు మరిగించినట్టు మూతపెట్టి తెగ మరిగించి, పిల్లాడి హోంవర్క్ చూడ్డానికి వెళ్ళాను. వచ్చి మూత తీస్తే పైన నూనె, కింద తెల్లటి తునకలు, మధ్యలో పసుపు నీళ్ళు. పాలు విరిగినట్టే విరిగిపోయింది. తినొచ్చు, రుచికేం లోటు లేదు, చూడ్డానికి మాత్రం ఎవరికీ చేయి రాదు.

తర్వాత మక్ చిక్ చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఆవిడ రాతి రోట్లో పదిహేను చిన్న మిరపకాయలు, వేలెడంత పచ్చి పసుపుకొమ్ము వేసి దంచింది. ఇక్కడ ఆ బుల్లి మిరపకాయని చిలి పాడి అనీ చిలి ఆపి అనీ అంటారు, ఆపి అంటే నిప్పు, పేరు సరిగ్గానే పెట్టారు. ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు, నూనె చుక్క లేదు, పోపు లేదు. ఆ ముద్దని పల్చటి రెండో పాలలో కలిపి, చితక్కొట్టిన నిమ్మగడ్డి కాడ వేసి, అందులో గుమ్మడి ముక్కలు ఉడికించింది. ముక్క మెత్తబడ్డాక చిక్కటి మొదటి పాలు పోసి మంట బాగా తగ్గించి, గరిటె ఆపకుండా, పైకి ఎత్తి పోస్తూ కలుపుతూ ఉంది. అంచుల్లో చిన్న బుడగలు రాగానే ఒక పసుపు ఆకుని ముడివేసి పడేసి, ఉప్పు, చిన్న పులుపు ముక్క వేసి దించేసింది. ఆ పులుపు ముక్కని ఆసమ్ కెపింగ్ అంటారు, ఎండబెట్టిన ఒకరకం కాయ చెక్క, మన పక్క కేరళ వాళ్ళ కుడంపులికి చుట్టం. మూత అసలు పెట్టలేదు. చిక్కటి పాలు పోశాక ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అంటే కిటుకు రెండు పాలని విడిగా వాడటంలో ఉంది. పెట్టెలో వచ్చే 200 మిల్లీలీటర్ల కొబ్బరిపాలు వాడితే సగం పెట్టెకి రెండు కప్పుల నీళ్ళు కలిపి అదే రెండో పాలు అనుకోండి, మిగతా సగం చివర్లో పోయండి. నలుగురికి సరిపోతుంది. బజార్లో అప్పటికప్పుడు కోరి పిండి ఇచ్చే పాలు రుచిలో ఎక్కడో ఉంటాయి, కానీ ఈ వేడికి సాయంత్రానికే పులిసిపోతాయి, కొన్న రోజే వండాలి. పొడి డబ్బా మాత్రం నేను వద్దంటాను, అత్యవసరానికి తప్ప, ఏదో పిండి కలిపిన రుచి వస్తుంది.

ఇక దీనికి ఏ కూరగాయ? గట్టిగా ఉండి నీరు వదలనివి, కాస్త వగరూ చేదూ ఉన్నవి. గుమ్మడి, అరటి పువ్వు, లేత పనసకాయ, చిలగడదుంప తీగ చిగుళ్ళు, కర్రపెండలం చిగుళ్ళు. పనసకాయకి మన ఆవపెట్టిన పనసపొట్టు కూర ఎంత నప్పుతుందో ఈ పసుపు కొబ్బరిపాలూ అంతే నప్పుతాయి, కాకపోతే ఇక్కడ పొట్టుగా కొట్టరు, పెద్ద ముక్కలుగా వేస్తారు. కర్రపెండలం ఆకు విషయంలో ఒక జాగ్రత్త. పచ్చిగా అసలు తినకూడదు, అందులో సైనైడ్ పుట్టించే పదార్థాలు ఉంటాయి. ముందు నీళ్ళలో బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, పిండి, అప్పుడు కొబ్బరిపాలలో వేయాలి. చాలామంది అందులోకి ఉస్తికాయలు కూడా చితక్కొట్టి వేస్తారు. మన దగ్గర ఎండబెట్టి వేయించుకునే ఆ కాయలే. నాకు చాలా ఇష్టం, మావారు మాత్రం ఏరి పక్కన పెడతారు.

బీరకాయ, సొరకాయ, దోస లాంటి నీళ్ళ కాయలు దీనికి పెట్టకండి. చేసేవాళ్ళు లేకపోలేదు, కానీ ఆ నీరంతా దిగి కొబ్బరిపాలు పలచనై అటు చారూ కాదు ఇటు కూరా కాదు అన్నట్టుంటుంది.

ఇప్పుడు బెలాచాన్. పొట్టి రొయ్యల్ని ఉప్పేసి ఎండబెట్టి దంచి మాగబెట్టిన ముద్ద, గోధుమరంగు సబ్బు బిళ్ళలా ఉంటుంది. వాసన గురించి అబద్ధం చెప్పను. మొదటిసారి కాల్చినప్పుడు మా ఆయన వీధి చివర నుంచే ఏదో చచ్చింది అనుకుంటూ వచ్చారు. కానీ సముద్రం ఒడ్డున పెరిగిన వాళ్ళకి, ఎండు రొయ్యలు వేయించిన ఇంట్లో పెరిగిన వాళ్ళకి ఇది అంత కొత్త కాదు, అదే వాసన నాలుగు రెట్లు అనుకోండి. చిన్న ముక్క, బొటనవేలి గోరంత, పల్చగా కోసి ఫోర్కుకి గుచ్చి గ్యాస్ మంట మీద తిప్పుతూ కాలిస్తే తడి ఆరి పొడిపొడిగా రాలుతుంది. ఆ రాలేదాకా కాల్చాలి, అప్పుడు వాసన పోయి రుచి మిగులుతుంది. కాల్చకుండా నేరుగా నూనెలో వేసేవాళ్ళూ ఉన్నారు, వేపుడుకైతే పర్లేదు, పచ్చి సంబల్‌కి మాత్రం కాల్చి తీరాలి. మిగిలింది గాలి చొరని సీసాలో పెట్టి, ఆ సీసాని ఇంకో కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే మర్నాడు పెరుగు కూడా బెలాచాన్ వాసనే.

ఇది తూటికూరకి పుట్టిన పద్ధతి. తూటికూరని ఇక్కడ కంగ్‌కుంగ్ అంటారు, విత్తిన మూడు నాలుగు వారాలకే కోతకి వస్తుంది, మొదలు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది, పెరట్లో ఇంతకన్నా సోమరి పంట లేదు. చిన్న ఉల్లిపాయలు ఐదు, వెల్లుల్లి రెబ్బలు మూడు, పండు మిరపకాయలు నాలుగైదు, చెంచాడు నానిన ఎండు రొయ్యలు, గోరంత బెలాచాన్ దంచి నూనెలో వేయించాలి. మనం నూనె తేలేదాకా అంటాం కదా, వాళ్ళు పెచా మిన్యాక్ అంటారు, నూనె పగలడం. ఆ నూనె పగిలాక కాడలు వేసి అర నిమిషం, ఆకులు వేసి ఇంకో నిమిషం, అంతే. నీళ్ళు పోయొద్దు, మూత పెట్టొద్దు, పెడితే నల్లబడుతుంది. ఉప్పు కూడా రుచి చూశాకే, బెలాచాన్‌లో ఇప్పటికే దండిగా ఉంటుంది. ఇంకో సంగతి, మన ఇంటి పొయ్యిలకి హోటల్ పొయ్యిల మంట రాదు. ఒక కట్ట మించి ఒకేసారి వేశారంటే వేగడం మానేసి ఉడుకుతుంది. మా నలుగురికి రెండు విడతలుగా చేస్తాను, విసుగే, కానీ తేడా తెలుస్తుంది.

బొబ్బర కాయలు, లేత బెండకాయలు, ముందే విడిగా వేయించి పెట్టుకున్న వంకాయ కూడా దీనికి బాగుంటాయి. బెండకాయని తడి లేకుండా తుడిచి, ఏటవాలుగా పెద్ద ముక్కలు కోయండి, చక్రాలుగా తరిగితే జిగురు పట్టుకుంటుంది. తోటకూరతో నాకు కుదరలేదు, నీరు వదిలేస్తుంది.

ఇక రెండింట్లో ఏది అంటే, టైము లేనిరోజు, కూర లేతగా ఉన్నరోజు, పొయ్యి దగ్గర నిలబడగలిగిన పది నిమిషాలు ఉంటే బెలాచాన్. చుట్టాలొచ్చారు, కూరగాయ ముదిరింది, ఒక గిన్నెతో అందరికీ సరిపోవాలంటే కొబ్బరిపాలు. కొబ్బరిపాలది మిగిలితే మాత్రం అదే పూట చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఇక్కడి వేడికి రాత్రి బయట వదిలేస్తే పొద్దున్నకి పాడైనట్టే. బెలాచాన్ వేపుడు అసలు మిగల్చకండి, రెండో పూటకి ఆకు నీరుకారి చప్పగా అయిపోతుంది.

అత్తగారు శాకాహారి అయితే

మా అత్తగారు మూడు నెలలు వచ్చి ఉన్నప్పుడు ఈ సమస్య నెత్తిమీద కూర్చుంది. బెలాచాన్ వాసన తగిలితే ఆవిడ ఆ పూట భోజనమే మానేస్తారు. మలయ్ ఇంటి వంటలో చూడ్డానికి కూరగాయే అయినా లోపల ఎండు నెత్తళ్ళో ఎండు రొయ్యలో ఉండటం మామూలు. ఇకాన్ బిలిస్ అంటారు నెత్తళ్ళని. బయట తినేటప్పుడు 'సాయుర్' అంటే కూర కదా అని ధైర్యంగా తినేయకండి, అడిగి తినండి.

ఆ మూడు నెలలు మమ్మల్ని గట్టెక్కించింది మక్ చిక్ వాళ్ళాయన వైపు వంటకం, సాయుర్ లోదే. జావా వంట, ఇక్కడ జొహోర్, సెలంగోర్ వైపు ఎక్కువ. క్యాబేజీ, క్యారెట్, బొబ్బర కాయలు, వంకాయ, టోఫు, తెంపే ముక్కలు కొబ్బరిపాలలో ఉడికిస్తారు. తెంపే అంటే సోయా గింజల్ని మాగబెట్టి బిళ్ళగా చేసింది. మసాక్ లెమాక్ అంత ఘాటు ఉండదు, కూరలు ఎక్కువ పాలు తక్కువ. ఎండు రొయ్యలు తీసేసి ఉల్లి, వెల్లుల్లి, దుంపరాష్ట్రం వేస్తే రుచికి పెద్ద లోటు రాదు. పండక్కి వీళ్ళు దాన్ని నొక్కిపెట్టి ఉడికించిన అన్నం ముక్కల మీద పోసుకుని తింటారు. అత్తగారు మాత్రం మామూలు అన్నంలో కలుపుకుని, "అవియల్‌ని ఎవరో చారులో ముంచినట్టుంది" అని రెండోసారి వడ్డించుకున్నారు. ఆవిడ అలా అన్నారంటే మెచ్చుకున్నట్టే.

వేపుడు కావాలంటే బెలాచాన్ బదులు తావ్‌చు వాడొచ్చు, ఉప్పులో మాగిన సోయా గింజల ముద్ద. అదే రుచి అని చెప్పను, వేరే రుచి, కానీ ఆ మాగిన గుణం ఉంటుంది. మెత్తగా మెదిపి చెంచాడు చాలు.

దాల్చా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెళ్ళిళ్ళలో నెయ్యన్నం పక్కన పోస్తారు. ఇండియన్ ముస్లింల నుంచి మలయ్ వంటింట్లోకి వచ్చిన పప్పు వంటకం, మునక్కాడ, వంకాయ, బంగాళదుంప, కరివేపాకు అన్నీ ఉంటాయి. మాంసం ఎముకలతో కూడా చేస్తారు కాబట్టి శాకాహారులు అడిగి తీసుకోవాలి. ఇంట్లో చేసుకుంటే మసాలా పడిన పప్పుచారే. బెదురుగా ఉన్నవాళ్ళకి మొదటి మెట్టుగా మంచిదే కానీ, దాని కోసం ఇంత దూరం రానక్కర్లేదు అని నా అభిప్రాయం.

పల్చటి చారు, పచ్చి ఆకు

ఈ రెంటినీ మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు, నాకేమో ఇవే ముందు నేర్చుకోవాల్సినవి అనిపిస్తుంది.

మసాక్ ఆయెర్ అంటే నీళ్ళలో వండటం, అక్షరాలా అంతే. నాలుగు కప్పుల నీళ్ళు, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు నాలుగు, వెల్లుల్లి ఒకటి చితక్కొట్టి, గుప్పెడు నెత్తళ్ళు వేసి పది నిమిషాలు మరగనిచ్చి, ఉప్పు, మిరియాలు, చివర్లో తోటకూర ఆకు వేసి రెండు నిమిషాలకి దించడం. నూనె లేదు, కారం లేదు. మొదటిసారి తాగినప్పుడు జ్వరం వచ్చినవాళ్ళకి పెట్టేదేమో అనుకున్నా. కానీ దాన్ని ఒంటరిగా తినరు, పక్కన వేయించిన చేప, సంబల్ ఉంటాయి, మధ్యలో అన్నం తడపడానికి ఇది. మన మజ్జిగ చేసే పని ఇది చేస్తుందన్నమాట. బీరకాయకి ఇంతకన్నా మంచి చోటు లేదు, పెసర సేమ్యాలు కాసిని వేసి, చివర్లో గుడ్డు కొట్టి గిలకొట్టి పోస్తే మా పిల్లలు స్పూన్లతో గిన్నె గీకుతారు. సొరకాయ కూడా ఇందులోకే. మొత్తం పావుగంట. లేతకూర కోసిన గంటలో వండగలిగితే దీన్ని మించింది లేదు, రెండు రోజులు ఫ్రిజ్‌లో వాడిన ఆకుతో చేస్తే మాత్రం వేడినీళ్ళు తాగినట్టుంటుంది, దాచుకోడానికి మసాలా ఏం లేదు కదా.

ఉలామ్ దగ్గర ఇంకాస్త ఆగాలి. ఆకులు, చిగుళ్ళు, కాయలు పచ్చిగా, లేకపోతే వేడినీళ్ళలో ఒక్క ముంచు ముంచి, సంబల్ బెలాచాన్‌లో అద్దుకుని అన్నంతో తినడం. మన సరస్వతి ఆకు ఇక్కడ పెగాగా, ప్రతి సంతలోనూ కట్టలు కట్టి అమ్ముతారు. ఉలామ్ రాజా అని ఇంకోటి, కాస్మోస్ పూలమొక్క జాతిది, మామిడి వాసనలాంటిదేదో వస్తుంది, ఒక్క మొక్క పెడితే మళ్ళీ విత్తక్కర్లేదు, దానంతట అదే మొలుస్తూ ఉంటుంది. జీడిమామిడి చిగుళ్ళు కూడా తింటారు, వగరుగా ఉంటాయి. పలాస జీడితోటల వైపు వాళ్ళెవరైనా చదువుతుంటే ఒకసారి లేత ఎర్ర చిగురు నమిలి చూడండి. గుండ్రటి పచ్చ వంకాయల్ని పచ్చిగా కొరుక్కుని తింటుంటే మొదటిసారి నేను నోరు తెరుచుకుని చూశాను, ఇప్పుడు నేనూ తింటున్నాను, కోసిన రోజైతే కరకరలాడుతూ భలే ఉంటాయి.

సంబల్ మన రోటి పచ్చడే అనుకోండి. ఆరు పండు మిరపకాయలు, రెండు చిలి పాడి, కాల్చిన బెలాచాన్ గోరంత, చిటికెడు పంచదార, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, లిమావ్ కస్తూరి అనే గోలీ అంత నిమ్మకాయలు రెండు పిండటం. మిక్సీలో వేశానని తెలిస్తే మక్ చిక్ ఏమీ అనదు, రుచి చూసి పక్కన పెడుతుంది. గింజలు నలిగిపోయి చేదు వస్తుందంటుంది, నాకూ అలాగే అనిపించింది. ఇండియాలో ఉన్నవాళ్ళు బెలాచాన్ దొరక్కపోతే ఎండు రొయ్యల్ని బాగా వేయించి తల తోక తీసి దంచి వేసుకోండి. మాగిన రుచి రాదు, అయినా బాగుంటుంది, మా చెల్లెలు అలాగే చేస్తోంది.

పచ్చిగా తినేదానికి జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంటి పెరట్లో కోసి, మూడు నాలుగు నీళ్ళలో కడిగినవే తినండి. చెరువుల్లో కాలవల్లో పెరిగిన తూటికూరని మాత్రం పచ్చిగా ముట్టుకోవద్దు, పరాన్నజీవుల భయం ఉంది, ఉడికించే తినాలి.

ఉలామ్ ఎప్పుడు ఎంచుకోవాలంటే, పెరట్లో ప్రతిదీ కాస్త కాస్తే ఉన్నరోజు. నాలుగు బొబ్బర కాయలు, ఒక దోసకాయ, గుప్పెడు ఆకు, మూడు వంకాయలు. దేంతోనూ కూర రాదు, అన్నీ కలిపి ఒక పళ్ళెం నిండుతుంది. పొయ్యి వెలిగించే పని కూడా బెలాచాన్ కాల్చడానికే.

మా ఇంట్లో బెండకాయల దారి

ఆసమ్ పెడాస్ దగ్గరికి వస్తే, మలక్కా, జొహోర్ వాళ్ళ ఇంటి పరువు ఇది. మన చేపల పులుసు చేయడం వచ్చిన వాళ్ళకి మలయ్ వంటల్లో అన్నిటికన్నా త్వరగా చేయి తిరిగేది ఇదే. నానబెట్టిన ఎండుమిరప, చిన్న ఉల్లి, వెల్లుల్లి, పసుపు, కాస్త బెలాచాన్ నూరి నూనె తేలేదాకా వేయించి, చింతపండు రసం పోసి, చేప, బెండకాయలు, టమాటా. తేడా ఎక్కడంటే ధనియాలు లేవు, మెంతులు లేవు, బెల్లం లేదు. వాటి స్థానంలో కెసుమ్ అనే ఆకు, బుంగా కంతాన్ అనే గులాబీరంగు అల్లం జాతి మొగ్గ. ఆ రెండూ లేకుండా చేస్తే అది మన పులుసే అవుతుంది, మంచిదే, కానీ ఆసమ్ పెడాస్ అని పిలవకండి. కెసుమ్ బదులు కొత్తిమీర వేయమని ఎవరో రాస్తే చదివి వేశాను, దారి తప్పింది. దొరక్కపోతే ఏమీ వేయకుండా ఉండటమే నయం.

చేప వంజరం బాగుంటుంది, రోజువారీకి కానాగంతలు. బెండకాయలు కొసలు మాత్రం తీసి కాయపళంగా, చేప పూర్తిగా ఉడికేముందు, చివర్లో వేయాలి. పులుపు ఉంటుంది కాబట్టి జిగురు గోల ఉండదు, కాస్త ముదురు కాయలైనా నడుస్తాయి. మరీ పీచు పట్టినవి ఏ వంటకీ పనికిరావు, వాటిని విత్తనానికి వదిలేయండి. ఇంకో మంచి గుణం, మర్నాటికి రుచి పెరుగుతుంది. శనివారం వండితే ఆదివారం వంట చేయక్కర్లేదు.

కాబట్టి మూడు కిలోల బెండకాయలు ఒక్క వారంలో వస్తే నేను చేసేది ఇది. కోసినరోజు వేలెడంత లేతవి ఏరి, వేడినీళ్ళలో నిమిషం ముంచి సంబల్‌తో ఉలామ్. మర్నాడు మధ్యరకం కాయలు బెలాచాన్‌తో వేపుడు. నాలుగో రోజుకి మిగిలినవి, కాస్త గట్టిపడ్డవి ఆసమ్ పెడాస్‌లోకి. బెండకాయని కొబ్బరిపాలలో నేను వేయను, జిగురూ పాలూ కలిసి నాకు నచ్చలేదు, మీకు నచ్చితే మానకండి. కాకరకాయకి వేరే లెక్క. పల్చటి చక్రాలు కోసి, ఉప్పు రాసి పిండి, నెత్తళ్ళతో వేయించి పైన గుడ్డు కొట్టడం ఇక్కడి ఇళ్ళలో మామూలు. మన కాకరకాయ వేపుడు, పులుసు రెండూ తిననని మొండికేసిన మా వాడు ఇది తింటాడు, చేదు తగ్గదు, గుడ్డు దాన్ని కాస్త మరిపిస్తుంది.

సామాన్ల విషయంలో ఒకటి. ఇండియాలో మిద్దె తోట ఉన్నవాళ్ళు నిమ్మగడ్డి, పసుపు రెండే రెండు కుండీల్లో పెట్టుకోండి, చాలు. పసుపు మొక్క పెడితే దుంప తవ్వేదాకా ఆగక్కర్లేదు, ఆకు అప్పటినుంచే వాడుకోవచ్చు. మన దగ్గర ఆ ఆకులో ఏదైనా చుట్టి ఆవిరి పట్టడం తప్ప కూరలో వేయడం నేను చూడలేదు, వేసి చూడండి, కొబ్బరిపాల వాసనే మారిపోతుంది.

పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతోక్ అని ఒక ఊరుంది. కొబ్బరి తోటల ఊరు, తోట పనికి వచ్చిన తెలుగువాళ్ళ సంతతి తరతరాలుగా అక్కడే ఉంటోంది. ఒకసారి అక్కడ తెలిసినవాళ్ళింట్లో భోజనం చేశాను. గుమ్మడికాయ మసాక్ లెమాక్ వడ్డించారు, తెల్లటి పాలలో కాదు, పచ్చని పసుపు రంగులో, చిలి పాడి ఘాటుతో, అన్నీ సరిగ్గా ఉన్నాయి. పైన మాత్రం ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు పోపు తేలుతోంది. మా అమ్మమ్మ కాలం నుంచి ఇలాగే అన్నారావిడ. వచ్చి మక్ చిక్‌కి చెప్తే మొహం చిట్లించింది. రెండు వారాలయ్యాక గోడ మీంచి గిన్నె చాపి, ఆ ఆవాలు కాసిని ఇవ్వమంది.